12 ఏళ్ల నిద్ర లెక్క

నా మంచం పక్కన ఎప్పుడూ ఒక నోటు పుస్తకం ఉంటుంది. పొద్దున లేవగానే అందులో రెండు అంకెలు వేస్తాను. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయానన్నది మొదటిది. మనసు ఎక్కడుందన్నది రెండోది. మామూలుగా ఉంటే సున్నా, దిగులుగా ఉంటే కింద 1 నుంచి 5 దాకా, హుషారు పెరిగితే పైన 1 నుంచి 5 దాకా. 12 ఏళ్లలో ఇలాంటి పుస్తకాలు తొమ్మిది నిండాయి. నాకు బైపోలార్ డిజార్డర్ ఉంది, అంటే మనసు కొన్నాళ్లు లోతైన దిగులులోకీ, కొన్నాళ్లు హద్దు దాటిన హుషారులోకీ వెళ్లిపోయే జబ్బు. ఈ జబ్బుతో బాగానే బతుకుతున్నాను. ఆ "బాగానే" అన్న మాట దాకా రావడానికి ఏమేం పట్టిందో రాద్దామని కూర్చున్నాను.

23 ఏళ్లప్పుడు మొదటిసారి డిప్రెషన్ వచ్చింది. నాది లెక్కలు చూసే ఉద్యోగం. కళ్ల ముందు అంకెలు ఉండేవి, వాటిని కూడటానికి బుర్ర కదిలేది కాదు. స్నానానికి లేవడానికే గంట పట్టేది. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేసేది, ఇంకో రోజు మొదలవుతోందే అని భయమేసేది. అలా మూడు నెలలు చూసి అక్క నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన డిప్రెషన్‌కి మాత్రలు రాశారు. అంతకు ఏడాది ముందు నేను నెల రోజులపాటు రాత్రికి మూడు గంటలే పడుకుని, అలసటన్నదే లేకుండా, కనపడిన ప్రతివాళ్లతో గంటలకొద్దీ మాట్లాడుతూ తిరిగాను. ఆ సంగతి ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. జబ్బు గురించి డాక్టరుకి చెప్తాం గానీ, మన జీవితంలోకెల్లా మంచి నెల అనుకున్నదాని గురించి ఎందుకు చెప్తాం?

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. బైపోలార్ ఉన్నవాళ్లలో చాలామంది మొదట వైద్యానికి వెళ్లేది డిప్రెషన్‌లోనే. హుషారుగా ఉన్నప్పుడు ఎవరూ వెళ్లరు కదా. అందుకే అసలు జబ్బు పేరు బయటపడటానికి ఏళ్లు పట్టేస్తుంది. మూడ్ స్టెబిలైజర్, అంటే మనసు అటూ ఇటూ ఊగకుండా నిలిపే మందు, తోడు లేకుండా డిప్రెషన్ మాత్రలు మాత్రమే వాడితే కొందరికి మనసు ఒక్కసారిగా మేనియాలోకి, అంటే ఆ హద్దు దాటిన హుషారులోకి, వెళ్లిపోతుంది. మీరు గానీ మీ ఇంట్లో వాళ్లు గానీ డిప్రెషన్‌కి మందులు మొదలుపెట్టబోతుంటే, అంతకుముందు ఎప్పుడైనా నిద్రతో పని లేనట్టు పరిగెత్తిన రోజులుంటే, డాక్టరు అడగకపోయినా ఆ మాట చెప్పండి. ఇది రాయడానికి కూర్చోవడంలో సగం కారణం ఈ ఒక్క మాటే.

నాకు ఆ మాత్రలు మొదలుపెట్టిన ఆరో వారంలో మొదలైంది. మొదట్లో నిజంగానే బాగుంది. ఒక ఆలోచన నోటిదాకా వచ్చేలోపు రెండోది, అది చెప్పేలోపు మూడోది తోసుకొచ్చేవి. సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాని నేను ఆడవాళ్లకి కుట్టు శిక్షణ కేంద్రం పెట్టాలని నిర్ణయించుకుని, ఒకే రోజు 6 కుట్టుమిషన్లు అప్పు చేసి కొన్నాను. రాత్రి రెండింటికి ఆఫీసులో పెద్దవాళ్లందరికీ పేజీలకొద్దీ మెయిళ్లు పంపాను. "కాసేపు పడుకోవే" అని అక్క బతిమాలితే, "నేను పైకొస్తుంటే చూసి ఓర్వలేకపోతున్నావు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా గొంతుతోనే నాకు వినిపిస్తుంది. మూడో వారానికి నా మాటలు ఎవరికీ అర్థం కావడం మానేశాయి. ఆస్పత్రిలో 19 రోజులున్నాను. అప్పటికి చదువుతున్న అకౌంట్స్ పరీక్ష సగంలో ఆగిపోయింది. ఆ అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది.

అక్కడ చూసిన సైకియాట్రిస్టు మేడమే ఇప్పటికీ నా డాక్టరు. డిశ్చార్జికి ముందు నన్నూ అక్కనీ కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడారు. పొద్దున నవ్వి సాయంత్రం ఏడిస్తే దాన్ని బైపోలార్ అనరని చెప్పారు. మేనియా అనాలంటే ఆ స్థితి కనీసం వారం రోజులు ఉండాలి, ఆస్పత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉంటే వారం నిండక్కర్లేదు. డిప్రెషన్ అనాలంటే కనీసం రెండు వారాలు. అంత ముదరకుండా కొద్దిపాటి హుషారు నాలుగు రోజులో ఆపైనో ఉంటే హైపోమేనియా అంటారు. ఒక విడతకీ మరో విడతకీ మధ్యలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు మామూలుగా గడిచిపోవచ్చు. "ఆ మధ్య కాలాన్ని ఎంత పొడిగిస్తామన్నదే మన పని" అన్నారు. బీపీ, షుగర్ లాగా ఇదీ చాలాకాలం చూసుకోవాల్సిన జబ్బని ఆవిడ చెప్తుంటే అక్క కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. రెండేళ్లుగా నాకు జరుగుతున్నదానికి ఒక పేరుందని తెలిసింది. అదే ఎంతో ఊరటగా అనిపించింది.

మందు దగ్గరికొస్తే, "మీది పిల్లలు పుట్టే వయసు, వాల్‌ప్రోయేట్ వల్ల కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం, అందుకని అది ఇవ్వను" అని లిథియం రాశారు. నేను దాని గురించి చదివాను. రాళ్లలో, ఉప్పునీళ్లలో దొరికే ఒక లోహం తాలూకు లవణమే ఈ మాత్ర. మేనియా ఉన్నవాళ్లకి అది పనిచేస్తోందని జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1949లో రాశారు. 1954లో డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ, ఆయన తోటివాళ్లు దాన్ని పద్ధతిగా పరీక్షించి చూశారు. ఆత్మహత్య ముప్పును తగ్గించే మందుగా కూడా దానికి పేరుంది. నేను పుట్టకముందు నుంచే ఎంతోమందిని నిలబెట్టిన మాత్ర నా చేతిలో ఉందనుకుంటే ధైర్యం వచ్చేది.

కానీ లిథియంతో కాపురం తేలిక కాదు. దాహం ఎక్కువ, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాలి. వేళ్లు సన్నగా వణుకుతాయి, నా సంతకం మారిపోయింది. బరువు పెరిగాను. మూడో ఏడు థైరాయిడ్ మందగించింది, దానికి వేరే మాత్ర వేసుకుంటున్నాను. అన్నిటికన్నా ముఖ్యం, పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం చాలా తక్కువ. రక్తంలో లిథియం ఎంతుందో చూపించే నా రిపోర్టులో అంకె 0.6 నుంచి 0.8 మధ్య ఉండాలని మేడం గీత గీశారు. 1.5 దాటితే ప్రమాదం. రక్తం ఇవ్వాల్సింది ఆఖరి డోసు వేసుకున్న 12 గంటలకి. ఒకసారి పొద్దున మాత్ర వేసుకుని ల్యాబుకి వెళ్లాను, రిపోర్టు అబద్ధంగా ఎక్కువ చూపించి ఇంట్లో అందరికీ టెన్షన్. ఆరు నెలలకోసారి కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం పరీక్షలు కూడా తప్పవు.

26 ఏళ్లప్పుడు పన్ను నొప్పికి మూడు రోజులు ఐబుప్రోఫెన్ వేసుకున్నాను. నేను వాడే మందు సంగతి నన్ను ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకు తట్టలేదు. అదే సమయంలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగో రోజుకి గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు ఊగిపోయాయి, నడక తూలింది, మాట ముద్దగా వచ్చింది. పరీక్ష చేస్తే 1.7. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, కొన్ని రకాల బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తగ్గిపోవడం, ఉప్పు ఉన్నట్టుండి మానేయడం, ఇవన్నీ లిథియం రక్తంలో పేరుకుపోయేలా చేస్తాయని అప్పుడు తెలిసింది. అప్పటినుంచీ నా పర్సులో ఒక కార్డు ఉంటుంది: "లిథియం వాడుతున్నాను. ఏ మందు రాసినా ముందు ఇది చూడండి." నొప్పికీ జ్వరానికీ పారాసెటమాల్‌తోనే సరిపెట్టుకుంటాను. విరేచనాలు పట్టుకుంటే అదే రోజు మేడంకి ఫోన్ చేస్తాను.

ఇంత తెలిసీ 28 ఏళ్లప్పుడు మందు ఆపేశాను. నాలుగేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. నయమైపోయింది, ఇంకా ఎందుకు అనిపించింది. ఎవరికీ చెప్పకుండా ఒక్కరోజులో మానేశాను. లిథియం ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా ఎక్కువ, ఆపాల్సి వచ్చినా నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి. నాకు ఐదు వారాలు పట్టింది. మళ్లీ ఆస్పత్రి, ఈసారి ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చాక ఒకరోజు ఫోన్లో పాత మెసేజీలు చూస్తుంటే ఒకటి కంటబడింది. మొదటి వారం రాత్రి 11కి ఆఖరి మెసేజీ. తర్వాతి వారం 12:30కి. ఆ తర్వాత 2కి. చివరి వారం 3:40కి ఒకటి, మళ్లీ 5కే ఇంకోటి. ఎవరూ ఏమీ గమనించకముందే, కొత్త ఆలోచనలూ ఖర్చులూ మొదలవకముందే, నా నిద్ర మెట్టు మెట్టుగా దిగిపోయింది. ఆ సాయంత్రమే మొదటి నోటు పుస్తకం తెరిచాను.

నిద్ర తగ్గడం మేనియాకి గుర్తూ అవుతుంది, కారణమూ అవుతుంది. అది నా రోజుల్ని మార్చేసింది. రాత్రి పదిన్నరకి లైట్లు ఆపేస్తాను, పొద్దున ఆరింటికి లేస్తాను, సెలవు రోజైనా అంతే. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు రాత్రుళ్లు కూర్చోలేనని ముందే చెప్పాను. సంవత్సరం లెక్కలు ముగించే వారంలో అందరూ అర్ధరాత్రి దాకా ఉంటే నేను పొద్దున్నే ఆరున్నరకి వెళ్లి నా వంతు పూర్తిచేస్తాను. మొదట్లో గుసగుసలు వినపడ్డాయి, నా ఫైళ్లు తప్పుల్లేకుండా వస్తుంటే అవే సర్దుకున్నాయి. జబ్బు పేరు అక్కడ ఇద్దరికే తెలుసు. అందరికీ చెప్పి తీరాలని నేను అనుకోవడం లేదు.

రెండోసారి కోలుకున్నాక అక్కా నేనూ కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కాపాడింది, మాత్ర తర్వాత, ఆ కాగితమే. మేడం సలహాతోనే రాశాం, ఒక కాపీ ఆవిడ దగ్గర ఉంది. మేనియాలో ఉన్న మనిషికి తనకి జబ్బు పెరిగిందని తెలియదు. కాబట్టి నేను బాగున్నప్పుడే, నా చేతి రాతతోనే, బాగోలేనప్పుడు ఏం చేయాలో రాసివ్వాలి. అందులో నా గుర్తులు ఉన్నాయి: వరసగా రెండు రాత్రులు ఐదు గంటల లోపు నిద్రపోయి కూడా అలసట లేకపోవడం, ఒకే రోజు ముగ్గురికి కొత్తగా మాటివ్వడం, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో చిరాకు. అవి కనబడితే అక్క నన్ను అడగకుండానే మేడంకి ఫోన్ చేయొచ్చు. నేను బ్యాంకు కార్డు ఆమెకి ఇచ్చేయాలి. పెద్ద కొనుగోలు ఏదైనా మూడు రాత్రులు నిద్రపోయాకే. డిప్రెషన్ గుర్తులూ ఉన్నాయి: పాత్రలు పేరుకుపోవడం, ఫోన్ ఎత్తకపోవడం, అన్నిటికీ "సారీ" అనడం. చనిపోవాలన్న ఆలోచన వస్తే నేను ఒక్క మాటే చెప్తాను, "అక్కా, చీకటిగా ఉంది." ఆమె ప్రశ్నలు వేయదు, బయల్దేరి వచ్చేస్తుంది, ఒంటరిగా ఉండనివ్వదు. ఆ మాట రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ వచ్చింది.

రాసేటప్పుడు అక్క కలం పక్కన పెట్టేసింది. "నీ మీద కాపలా కాయడానికి నాకు మనసొప్పదే" అంది.

"కాపలా కాదక్కా. నాకు కనపడనప్పుడు నువ్వు చూసి చెప్పు, అంతే."

ఆరోజే ఓర్వలేనితనం మాటకి క్షమించమని అడిగాను. ఐదేళ్లు పట్టింది నాకు అది అడగడానికి. "అది నువ్వు కాదని నాకు అప్పుడే తెలుసు" అంది. కానీ అది నేనే. నా నోటితోనే అన్నాను. జబ్బు వల్ల అన్నా, గాయపడింది అక్కే. బాగున్న రోజుల్లో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఆ లెక్కలు సరిచేసుకోవడం కూడా వైద్యంలో భాగమనే నమ్ముతాను. కొందరు మళ్లీ మాట్లాడలేదు. వాళ్లని నేను తప్పుపట్టను.

అయితే ఆ కాగితం వల్ల ఒక కష్టమూ వచ్చింది. ఇది ఎవరూ పెద్దగా చెప్పరు. నేను గట్టిగా నవ్వితే చాలు, ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. కోపం వస్తే "మాత్ర వేసుకున్నావా?" అనేవారు. న్యాయంగా వచ్చిన కోపాన్ని కూడా జబ్బు ఖాతాలో వేసేస్తుంటే మనిషికి ఇంకేం మిగులుతుంది? ఒకసారి జీతం పెరిగిన ఆనందంలో అందరికీ ఫోన్లు చేసి మాట్లాడాను, అక్క నిజంగానే మేడంకి ఫోన్ చేసేసింది. ఆ రాత్రి కుళ్లికుళ్లి ఏడ్చాను. తర్వాత ఇద్దరం ఒక మార్పు చేసుకున్నాం. "మాత్ర వేసుకున్నావా?" అన్న ప్రశ్న ఇక ఉండదు. దాని బదులు "నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు?" అనే అడగాలి. ఈ ప్రశ్నకి నా దగ్గర అంకె ఉంటుంది. ఏడు గంటలు పడుకున్న మనిషి కోపం కోపమే, ఆనందం ఆనందమే.

పెళ్లికి ముందే మా ఆయనకి మొత్తం చెప్పాను, మేడం దగ్గరికి కూడా తీసుకెళ్లాను. పాప కావాలనుకున్నప్పుడు ఏడాది ముందు నుంచీ ముగ్గురం కలిసి ఆలోచించాం. గర్భం మొదటి మూడు నెలల్లో లిథియం వల్ల బిడ్డ గుండెలో లోపం వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది. మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. అందులోనూ కాన్పయిన మొదటి వారాలు ఈ జబ్బున్న తల్లికి అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. నా విషయంలో మేడం నెలల మీద మెల్లగా తగ్గించి ఆపి, నాలుగో నెలలో మళ్లీ మొదలుపెట్టారు. మరొకరికి వేరే దారి మంచిది కావచ్చు. కడుపుతో ఉన్నప్పుడు కిడ్నీలు లిథియాన్ని త్వరగా బయటికి పంపేస్తాయి, అందుకని నెలకోసారి, ఆఖరి నెలలో వారానికోసారి పరీక్ష. లిథియం పాలలోకి వస్తుంది కాబట్టి పాపకి నా పాలు ఇవ్వలేదు. రాత్రి పాలు పట్టడం మా ఆయన, అక్క వంతులేసుకున్నారు. నేను తలుపేసుకుని పక్క గదిలో పదిన్నర నుంచి ఆరింటి దాకా పడుకోవాలి. గోడ అవతల పాప ఏడుస్తుంటే లేవకుండా పడుకోవడం నా జీవితంలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని. ఆ మూడు నెలల పేజీల్లో ఆరున్నర, ఏడు, ఆరు, ఏడు అని వరసగా ఉంటాయి. పాపకి ఇప్పుడు 8 ఏళ్లు. తనకి అప్పట్లో నేనివ్వగలిగింది ఆ అంకెలే.

డిప్రెషన్ పూర్తిగా పోలేదు. రెండు మూడేళ్లకోసారి కొన్ని వారాలు వచ్చి వెళ్తుంది. లామోట్రిజిన్ అనే మందు కలిపాక తగ్గింది. ఒంటి మీద దద్దు వస్తే ప్రమాదం కాబట్టి దాన్ని వారాల మీద కొంచెం కొంచెంగా పెంచారు. ఆ రోజుల్లో నేను పెద్ద పనులేవీ పెట్టుకోను. లేవడం ఆరింటికే, కిటికీ తెరవడం, పది నిమిషాలు నడవడం, పుస్తకంలో అంకెలు వేయడం. పాత పుస్తకాలు తిరగేస్తే కింద 4 అని వేసిన పేజీల తర్వాత ఎప్పుడో ఒకప్పుడు సున్నా కనిపిస్తుంది. ప్రతిసారీ కనిపించింది.

పోయిన నెల, 24వ ఏట వదిలేసిన ఆ అకౌంట్స్ పరీక్ష పాసయ్యాను. ఫలితం సాయంత్రం వచ్చింది. ఆ రాత్రి ఒంటిగంట దాకా కళ్లు మూతపడలేదు. గుండె కొట్టుకోవడం వినిపిస్తోంది. ఇది ఆనందమా, అది మళ్లీ మొదలవుతోందా? ఫోన్ ముట్టుకోలేదు, లైటు వేయలేదు. ఎప్పుడో రెండు దాటాక నిద్రపట్టింది. ఆరింటికి లేచి "4, పైన 2" అని వేసి, పుస్తకం మా ఆయనకి చూపించాను, అక్కకి మెసేజీ పెట్టాను. అక్క పరీక్ష గురించి ఒక్క మాటా అనలేదు. "సరే, ఈ రాత్రి చూద్దాం" అని రాసింది, అంతే. ఆ రోజు ఎవరికీ ఫోన్ చేయలేదు. సాయంత్రం నడిచొచ్చి పదిన్నరకి పడుకున్నాను.

మర్నాడు ఆరూపదికి ఫోన్ మోగింది.

"ఎంత?"

"ఏడున్నర."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అక్క గొంతు వణికింది. "అయితే ఇప్పుడు చెప్పవే, ఎన్ని మార్కులొచ్చాయి?"